మారుతాళం లేని తలుపు

మెట్ల కింద ఆ చోట్లో ఒక మనిషి కూర్చోవచ్చు. కూర్చున్నవాడు గబుక్కున లేస్తే మాత్రం నెత్తికి మెట్టు తగులుతుంది. తాళాల మేస్త్రికి కొట్టు పెట్టిన మొదటి వారంలోనే తగిలింది. ఆ తర్వాత ఆయన గబుక్కున లేవలేదు. కొట్లోనే కాదు, ఎక్కడా లేవలేదు. ఏ పనికైనా ముందు పైకి ఒకసారి చూసి, తల వంచి, అప్పుడు కాలు కదపడం అలవాటైపోయింది.

ఆయన అసలు పేరు చర్చి రిజిస్టరులో ఉంది. వీధిలో అందరూ మారుతాళం అనేవాళ్లు. తాళంచెవి ఒకటి చేసిపెట్టమని ఎవరొచ్చినా మేస్త్రి రెండు చేసేవాడు. రెండోది మారుతాళం. మొదటిది పోయిన రోజున పనికొచ్చేది.

"ఒకటే అడిగాను కదా మేస్త్రీ."

"ఒకటే ఇస్తున్నాను. రెండోది మీరు పారేసుకున్న రోజుకి."

"నేను పారేసుకోను."

"మరి ఇప్పుడెందుకు వచ్చారు?"

వచ్చినవాళ్లు జేబులోంచి డబ్బులు తీసేవాళ్లు. రెండూ తీసుకుని వెళ్లేవాళ్లు.

ఆయనకి అన్నిటికీ రెండోది ఉండేది. కళ్లజోడు రెండు. గొడుగు రెండు. పనిముట్ల సంచులు రెండు, ఒకటి కొట్లో, ఒకటి ఇంట్లో. కాలికి ఉన్న చెప్పులు తెగితే తొడుక్కోవడానికి ఇంకో జత కొట్టు గోడకి వేలాడేది. వ్యాను నడిపే బావమరిది ఒకనాడు ఆ జతను ఎగాదిగా చూశాడు.

"మా అక్కకి కూడా రెండోది ఏమైనా చూసిపెట్టావా బావా?"

మేస్త్రి చేతిలో తాళంచెవిని అరగదీస్తున్న ఆకురాయి ఆగలేదు. "ఆ ఒక్క సరుకూ దొరకలేదు" అన్నాడు.

బావమరిది ఆ మాట తిన్నగా తీసుకెళ్లి అక్క చెవిన వేశాడు. ఆవిడ ఆ పూట వడ్డించేటప్పుడు కూర గిన్నెలో రెండు గరిటెలు పెట్టింది.

"రెండెందుకు?"

"ఒకటి పోతేనో?"

దేవుడి మీద మేస్త్రికి అనుమానం లేదు. ఉన్న అనుమానమల్లా, సంగతులు ఆయనదాకా పూర్తిగా చేరుతున్నాయో లేదోనని. అందుకని ప్రార్థనలో వివరంగా చెప్పేవాడు.

"ప్రభువా, రేపు గోడౌను తలుపు పని ఉంది. వాన పడకుండా చూడు. ఒకవేళ పడక తప్పదంటే మధ్యాహ్నం దాటాక పెట్టు. అదీ కుదరకపోతే, ముందు పక్క రేకు ఉంది, దాని కింద పని చేసుకుంటాను. గాలి మాత్రం అటునుంచి కొట్టనివ్వకు."

ఎదురుగా కూర్చున్న భార్య ఒక కన్ను తెరిచేది.

"ఏమండీ, ఆయనకి మీరు పని నేర్పుతున్నారా?"

"చెబుతున్నాను."

"ఆయన వింటున్నాడు. అన్నం కూడా వింటోంది. చల్లారిపోతోంది."

ఆవిడ ప్రార్థన పొట్టిది. నీ ఇష్టం, అనేది. ఆ తర్వాత ఎవరెవరి కోసం అడగాలో వాళ్ల పేర్లు చెప్పి ఊరుకునేది. వాళ్లకి ఏం చెయ్యాలో చెప్పేది కాదు. మేస్త్రికి అది చిరునామా రాయకుండా ఉత్తరం వేసినట్టు అనిపించేది.

ఆవిడ పసిపిల్లల బళ్లో పాటలు నేర్పేది. చర్చిలో పాట ఎత్తేది కూడా ఆవిడే. అక్కడ వాయిద్యం లేదు. ఆవిడ లేచి నిలబడి, ఎక్కడో పైన ఉన్న శ్రుతిని చేయి చాచి అందుకున్నట్టు అందుకునేది. ఆడవాళ్లు వెంటనే కలిసేవాళ్లు. మగవాళ్లు వెనకాల ఆయాసపడుతూ వచ్చేవాళ్లు. మేస్త్రి అసలు బయలుదేరేవాడే కాదు. ఆయన గొంతు గిన్నె అడుగున గరిటె గీసినట్టు ఉండేది. కిటికీ పక్క బల్ల దగ్గర, ఒక పెద్దాయన పక్కన నిలబడి పెదాలు కదిపేవాడు. కదిపి వినేవాడు.

ఇంట్లోనూ ఆవిడ ఊరికే ఉండేది కాదు. గిన్నెలు తోముతుంటే ఒక పాట, బట్టలు మడతపెడుతుంటే ఇంకో పాట. మేస్త్రి సాయంత్రం మెట్లెక్కుతూ ఆ గొంతు వినిపిస్తే జేబులోంచి తాళంచెవి తీసేవాడు కాదు. వినిపించకపోతే తీసేవాడు. పెళ్లయిన నాటినుంచి అంతే. దాన్ని ఆయన అలవాటు అనుకున్నాడు గానీ, అంతకన్నా ఎక్కువ ఏమీ అనుకోలేదు.

ఆవిడ మెడ మీద గడ్డ కనిపించింది. గుటక వేస్తే పైకి లేచి కిందికి దిగేది. డాక్టరు దాన్ని రెండు వేళ్లతో పట్టి చూసి, తీసెయ్యాలన్నాడు. గొంతు పలికించే నరం సరిగ్గా దాని పక్కనుంచే పోతుందన్నాడు.

"గొంతు ఉంటుందా డాక్టరుగారూ?" అని ఆవిడ అడిగింది.

"ఉంటుంది. ఎలాంటిది ఉంటుందో ముందే చెప్పలేం."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"ఆలోచన మొదలుపెట్టారు" అంది ఆవిడ.

"లేదు."

"పెదాలు కదులుతున్నాయి. చర్చిలో కదిలినట్టే."

ఆయన మొదలుపెట్టాడు. మెడ మీద ఆపరేషను మచ్చ ఉన్నవాళ్లని వెతుక్కుంటూ తిరిగాడు. దొరికినవాళ్లని మాట్లాడమన్నాడు. ఒక బట్టల కొట్టాయన్ని, రిటైరైన బస్సు కండక్టరుని, ఎవరిదో పెద్దమ్మని.

"ఏం మాట్లాడాలి?"

"ఏదైనా. నేను వింటాను."

తాళంలో రేకులు కదిలే చప్పుడు విన్నట్టు తల ఒక పక్కకి వంచి వినేవాడు. కొందరి గొంతులు బొంగురుపోయాయి. పెద్దమ్మ గొంతు గుసగుస దగ్గరే ఆగిపోయింది. కండక్టరు గొంతు మాత్రం శుభ్రంగా ఉంది. ఇంకెక్కడా మచ్చుకైనా దొరకనంత శుభ్రంగా ఉంది. ఆయనకి ఆపరేషను చేసింది ఎవరని అడిగితే, ఊరికి అటు చివర ఉన్న పెద్ద ఆసుపత్రికి అప్పుడప్పుడూ వచ్చి వెళ్లే ఒక పెద్ద డాక్టరని తెలిసింది. మేస్త్రి ఆ ఆసుపత్రి మెట్లు అరిగేలా తిరిగి, ఆయన ఈసారి వచ్చే రోజుకి భార్య పేరు రాయించాడు.

ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు మేస్త్రి భుజం మీద చెయ్యి వేశారు.

"దేవుని చిత్తానికి అప్పగించండి మేస్త్రీ."

"అప్పగించానండి. డాక్టరు పేరు కూడా చెప్పాను."

అయ్యగారు భుజం మీద ఇంకోసారి తట్టి వెళ్లారు. పక్క వీధిలో ఇంకో చర్చి సంఘం ఉంది. మేస్త్రి అక్కడికి కూడా వెళ్లి ప్రార్థన చెయ్యమని చెప్పి వచ్చాడు. ఇంటికొచ్చాక ఆ సంగతి పొక్కింది.

"దేవుణ్ణి కూడా రెండు చోట్ల అడిగారా?" అంది భార్య.

"చోట్లు రెండు. దేవుడొక్కడే."

"ఆ ముక్క గుర్తుంటే చాలు."

వాళ్ల ఇల్లు రెండో అంతస్తులో. దానికి ఒకటే తలుపు. ఆ తలుపుకి మూడు తాళాలు. పైది మేస్త్రి సొంతంగా చేసింది. లోపలి నుంచైనా బయటి నుంచైనా తాళంచెవి పెట్టి తిప్పితే తప్ప కదిలేది కాదు. తలుపు చెక్క రెండు పొరలు. తలుపు కింద సందులోంచి తీగ దూర్చకుండా ఇనుప పట్టీ. కిటికీ కడ్డీల మధ్య చెయ్యి పట్టేంత చోటు కూడా ఉంచలేదు. బయటివాడు ఏమేం చెయ్యగలడో అన్నీ ఆలోచించి కట్టుదిట్టం చేసిన ఇల్లది.

ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజుకి ముందటి సాయంత్రం మేస్త్రి పై తాళం విప్పి కూర్చున్నాడు.

"అది బాగానే ఉంది కదండీ."

"బాగానే ఉంది. మనం కొన్నాళ్లు ఇంట్లో ఉండం."

లోపలి రేకులు మార్చాడు. కొత్త రేకులకి కొత్త తాళంచెవి చేశాడు, దానికొక మారుతాళం కూడా. రెండింటినీ ఆకురాయితో నునుపుగా సాపు చేశాడు. ఆ రోజు ఆయన మనసు ఆకురాయి మీద లేదు. చెయ్యి ఆగాల్సిన చోట ఆగలేదు. తలుపు తెరిచి ఉంచి తిప్పి చూస్తే తాళం వెన్నలా తిరిగింది. ఇంట్లో ఉన్న పనిముట్ల సంచిని, దారిలో ఏ అవసరం వస్తుందోనని, బావమరిది వ్యానులో పెట్టి వచ్చాడు. తలుపు వేశాడు. మూడు తాళాలూ వేశాడు.

తెల్లారి ఆవిడ మంచి చీర కట్టుకుని, ఫైలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. నీళ్లు కూడా తాగకూడదన్నారు కాబట్టి తాగలేదు. మేస్త్రి కింది రెండు తాళాలూ తీశాడు. పైదాన్ని తిప్పాడు. సగం తిరిగి చిన్న చప్పుడైంది.

ఆ చప్పుడు ఆయన ఎరగనిది కాదు. ఇలాంటి చప్పుడు విన్నవాళ్లే తలలు పట్టుకుని కొట్టుకి పరిగెత్తుకొచ్చేవాళ్లు. తన చేతిలో మాత్రం అది ఎప్పుడూ కాలేదు. చేతిలో తాళంచెవి తల మిగిలింది. ఆకురాయి ఎక్కువ తిన్న చోట తెగి, మిగతాది తాళంలో ఉంది.

"ఏమైంది?"

"విరిగింది."

"మారుతాళం ఉందిగా."

"ఉంది." మేస్త్రి దాన్ని జేబులోంచి తీసి చూపించాడు. "పెట్టడానికి చోటు లేదు."

కింద వ్యాను హారను వినిపించింది. కాసేపటికి బావమరిది మెట్లెక్కి వచ్చి తలుపు తట్టాడు.

"బావా, టైమైంది. రండి."

"తలుపు తియ్యి."

"నేనెలా తీస్తాను? లోపలున్నది నువ్వు."

"నేనూ తియ్యలేను."

బావమరిది అవతలి నుంచి తలుపుని ఒకసారి లాగి చూశాడు. తర్వాత గోడకి చేరబడి నవ్వుతున్న చప్పుడు.

"అక్కా, నిజమేనా?"

"నిజమేరా. మీ బావ తాళమంటే మాటలా?"

వ్యానులోంచి సంచి తెమ్మన్నాడు మేస్త్రి. బావమరిది తెచ్చాడు. పనిముట్లు అవతల ఉన్నాయి, పని తెలిసినవాడు ఇవతల ఉన్నాడు. మధ్యన రెండు పొరల చెక్క.

"సన్న పటకారు ఉంటుంది చూడు. ముక్కు వంకరది."

"అన్నిటికీ ముక్కు వంకరే బావా."

"అన్నిటికన్నా సన్నది. దాన్ని లోపల పెట్టు. ముక్క దొరుకుతుంది. మెల్లిగా పట్టుకో."

"పట్టుకున్నా."

కరకరమని ఏదో కదిలింది. మేస్త్రి తలుపుకి చెవి ఆనించాడు.

"ఏం చేశావు?"

"లోపలికి తోశాను."

"లాగమన్నాను."

"నువ్వు లోపలున్నావు కదా, నీవైపు పంపిద్దామని."

ఆ తర్వాత ఆ ముక్క ఎటూ రాలేదు. పటకారు కిటికీలోంచి అందిద్దామంటే కడ్డీల మధ్య దూరలేదు. కింద సందులోంచి ఇద్దామంటే ఇనుప పట్టీ. లోపలివాడికి ఏం అవసరం పడుతుందో మాత్రం మేస్త్రి ఎప్పుడూ ఆలోచించలేదు. బావమరిది వడ్రంగిని పిలుచుకురావడానికి వెళ్లాడు.

ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో ఫైలు, దాని మీద చేతులు. సన్నగా ఏదో పాడుకుంటోంది. మేస్త్రి పెద్ద ఆసుపత్రికి ఫోను చేశాడు. ఫోనులో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. డాక్టరుగారు మధ్యాహ్నం వెళ్లిపోతారని, మళ్లీ వచ్చేది చలికాలం పోయాకనేనని చెప్పింది.

మేస్త్రి ఫోను పెట్టేసి నేల మీద చతికిలబడ్డాడు.

"నీకు కోపం రావట్లేదా?"

"ఏమీ తీసుకోకూడదన్నారు. కోపం కూడా తీసుకోలేదు."

"దేవుడికి అన్నీ చెప్పాను. డాక్టరు పేరు, రోజు, వెళ్లే దారి. ఏ మలుపులో రద్దీ ఉంటుందో అది కూడా చెప్పాను."

"తాళం మార్చానని చెప్పారా?"

మేస్త్రి ఆలోచించాడు. ఆ ఒక్కటే చెప్పలేదు.

వడ్రంగి వచ్చి తలుపుని అవతలి నుంచి తట్టి చూసి, ఇంత దిట్టంగా ఎవరు చేశారని అడిగాడు. లోపలున్నాయనే అన్నాడు బావమరిది. వడ్రంగి తలుపుని వదిలేసి గుమ్మం చట్రాన్ని కొయ్యడం మొదలుపెట్టాడు. పాత కొయ్య. రంపం తిరిగిన కొద్దీ పొడి ఇల్లంతా పొగలా కమ్మింది. ఆవిడకి దగ్గు అందుకుంది. ఒక పట్టాన ఆగలేదు. నీళ్లు తాగమని మేస్త్రి గ్లాసు తెస్తే వద్దని చెయ్యి అడ్డం పెట్టి, మళ్లీ దగ్గింది. చట్రం ఊడి తలుపు ఒక పక్కకి ఒరిగేసరికి మెడ మీద గడ్డ ఉబ్బి ఉంది. ఊపిరి తీసుకుంటుంటే సన్నగా ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది. పాట ఆగిపోయింది.

మేస్త్రి ఆవిడ చెయ్యి పట్టుకుని లేవదీశాడు. వెళ్తూ వెళ్తూ పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. ఎందుకు వేసుకున్నాడో ఆయనకే తెలియదు.

బావమరిది వ్యానుని దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పోనిచ్చాడు. బజారు వీధి చివర, సున్నం పెచ్చులూడిన పాత ఆసుపత్రి. అక్కడ గొంతు ఆపరేషను చేయించుకున్నవాళ్లని మేస్త్రి వాకబు చెయ్యలేదు. ఆ పూట పనిలో ఉన్న డాక్టరమ్మ వయసు మేస్త్రి కొట్లో ఉన్న ఆకురాయి వయసు కన్నా తక్కువ ఉంటుంది. మేస్త్రి భార్య మెడ చూసి, ఫైలు తిరగేసి, కాగితాలన్నీ వరసగా ఉండటం చూసి తలెత్తింది.

"ఇంత సిద్ధంగా వచ్చినవాళ్లని నేను చూడలేదు."

"వేరే చోటికి సిద్ధమయ్యామండి" అన్నాడు మేస్త్రి.

"గడ్డలో రక్తం చేరింది. ఊపిరి గొట్టాన్ని నొక్కుతోంది. ఇవాళే తీసెయ్యాలి."

"చలికాలం పోయేదాకా ఆగడానికి..."

"చీకటి పడేదాకా కూడా ఆగడానికి లేదు."

"మీరు కాకపోతే ఇంకెవరున్నారమ్మా?"

డాక్టరమ్మ నొచ్చుకోలేదు. "ఇంకెవరూ లేరు. నేనే" అంది.

మేస్త్రి భార్య వంక చూశాడు. ఆవిడ బల్ల మీద సగం లేచి కూర్చుని ఉంది, పడుకుంటే ఊపిరాడటం లేదు. ఆయన్ని దగ్గరికి రమ్మని వేలితో పిలిచింది. మాటకీ మాటకీ మధ్య ఈల వినిపిస్తోంది.

"ఏమండీ. ఆ తాళం మీరు చేశారు. తలుపు మీరు చేశారు. నన్ను మీరు చెయ్యలేదు."

ఆయన తల ఊపాడు.

"చేసినాయనకి తెలుసు" అంది. "పొండి. బయట కూర్చోండి."

బయట బల్ల మీద మేస్త్రీ బావమరిదీ కూర్చున్నారు. ఎదురుగా ఆపరేషను గది తలుపు. నర్సు లోపలి నుంచి తాళం తిప్పింది. ఆ చప్పుడుకే మేస్త్రికి అదేం తాళమో తెలిసిపోయింది. రెండు రేకులది, పాతది. సన్న తీగ ఒకటి చాలు. సంచి ఒళ్లో ఉంది.

లోపలికి వెళ్లి ఆయన చేసేది ఏమీ లేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు. అయినా కళ్లు తలుపు మీంచి పక్కకి రాలేదు. గుటక వేస్తే లేచి దిగే ఆ గడ్డని, దాని పక్కనున్న నరాన్ని, ఆ నరం పక్కగా కదులుతున్న కత్తిని తలచుకున్నాడు. తాను ఆగాల్సిన చోట ఆగని ఆకురాయిని కూడా తలచుకున్నాడు. కండక్టరు గొంతు చెవిలో మోగింది. ఆ వెంటనే పెద్దమ్మ గుసగుస.

"బావా."

"ఊ."

"తలుపు వంక అలా చూడకు."

"చూడట్లేదు."

"నీ వేళ్లు తిరుగుతున్నాయి."

మేస్త్రి తన చెయ్యి చూసుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ లేని తాళంచెవిని పట్టుకుని తిప్పుతున్నాయి. చెయ్యి మూశాడు. సంచి ఎత్తి బావమరిది ఒళ్లో పెట్టాడు.

"ఇది తీసుకెళ్లి వ్యానులో పెట్టు."

"మళ్లీ వ్యానులోనా? నిన్న పెట్టినందుకు ఒకటి అయింది."

"వ్యానులోనే పెట్టు. తాళం వేసి, తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో."

"ఉంచుకుంటే ఏం లాభం? మారుతాళం నీ దగ్గరుందిగా."

మేస్త్రి నడుముకున్న గుత్తి తీశాడు. అందులోంచి వ్యాను మారుతాళం వెతికి, ఊడదీసి బావమరిది చేతిలో పెట్టాడు. బావమరిది దాన్ని చూసి, ఆయన మొహం చూసి, జేబులో వేసుకున్నాడు. సంచి పట్టుకుని వెళ్లాడు.

మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఆవిడకి ప్రాణమూ గొంతూ రెండూ ఉండాలి. ఒకవేళ..."

అక్కడ ఆగాడు. ఎన్నేళ్లుగానో ఆ మాట తర్వాత ఆయన నోటికి తడుముకోవాల్సిన పని పడలేదు. ఇప్పుడు కూడా మాట ముందుకు వచ్చింది. ఒకవేళ గొంతు పోక తప్పదంటే ప్రాణం. అది కూడా కాదంటే. అక్కడ ఇక ఏమీ లేదు. అదీ కుదరకపోతే అని చెప్పడానికి ఆయన దగ్గర రేకు లేదు, దాని కింద నిలబడటానికి చోటు లేదు. ఇన్నాళ్లూ తనకి తెలిసిన దారినే దేవుడికి చెబుతూ వచ్చాడు. ఈ దారి తనకే తెలియదు.

బావమరిది వచ్చి పక్కన కూర్చునేదాకా అలాగే ఉండిపోయాడు.

"నీకు తెలుసు" అన్నాడు చివరికి. ఆ పైన "నాకు తెలియదు" అని కలిపాడు.

ఆమేన్ అనడం మర్చిపోయాడు. బావమరిది అన్నాడు.

చీకటి పడకముందే డాక్టరమ్మ బయటికి వచ్చింది. గడ్డ మొత్తం తీసేశామని, ప్రాణానికి భయం లేదని చెప్పింది. నరం తెగలేదు గానీ నలిగింది, గొంతు ఎలా ఉంటుందో ఆవిడ నోరు తెరిచాక తెలుస్తుంది, అప్పటిదాకా మాట్లాడనివ్వద్దు అంది.

మేస్త్రి నమస్కారం పెట్టాడు. ఏదో అడగబోయాడు. రెండో ప్రశ్న లేదని తెలిసి ఊరుకున్నాడు.

ఇంటికి వచ్చేనాటికి వడ్రంగి గుమ్మానికి కొత్త చట్రం పెట్టి, తలుపుకి ఒక గడియ వేసి వెళ్లాడు. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి మూడు వేళ్లు చూపించి, చెయ్యి తిప్పి, ఏమయ్యాయని అడిగింది.

"ఒకటి పెడతాను" అన్నాడు మేస్త్రి. "కొన్నది."

ఆవిడ ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమైనా ఉందా అని చూసింది.

కొట్లో మాత్రం మేస్త్రి మారలేదు. ఒకటి అడిగినవాళ్లకి రెండే ఇచ్చాడు. ఆవిడ ఎలా ఉందని అడిగితే, బాగుంది అన్నాడు. గొంతు ఎలా ఉందని అడిగితే, ఉంది, ఎలాంటిదో ఇంకా తెలియదు అన్నాడు. సాయంత్రం మెట్లెక్కేటప్పుడు లోపల మనిషి ఉందని తెలిసినా చెయ్యి జేబులోకి పోయేది. తాళంచెవి తీసి, తలుపు తెరుచుకుని, చప్పుడు కాకుండా లోపలికి వెళ్లేవాడు. ఆవిడ గిన్నెలు తోముతూ ఉండేది. గిన్నెల చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. అంత పెద్ద చప్పుడు చేస్తాయి గిన్నెలు అని ఆయనకి తెలియదు.

మాట్లాడొచ్చని డాక్టరమ్మ చెప్పాక కూడా మొదట ఊపిరే వచ్చింది. తర్వాత ఊపిరికి ఒక అంచు వచ్చింది. ఆవిడ ఆయన్ని పేరు పెట్టి పిలవదు కాబట్టి, ఏమండీ అన్న మాటతోనే సాధన చేసేది. మేస్త్రి ప్రతిసారీ వచ్చి నిలబడేవాడు. పనేమీ లేదు పొండి అని చేత్తో చెప్పేది.

ఒక సాయంత్రం మేస్త్రి మెట్లెక్కుతుంటే ఇంట్లోంచి ఎవరో పాడుతున్నట్టు వినిపించింది. మగగొంతు. బరువుగా, గరుగ్గా, ఇనుము మీద ఆకురాయి పోయినట్టుంది. బావమరిది వచ్చాడనుకున్నాడు. వాడు పాడడే అనుకున్నాడు. తాళంచెవి సగం జేబులోంచి బయటికి వచ్చింది. అప్పుడు పాట పోల్చుకున్నాడు. అది గిన్నెలు తోమే పాట.

తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాడు. వెంటనే తలుపు తట్టలేకపోయాడు.

తలుపు దానంతటదే తెరుచుకుంది.

"ఏమండీ, మెట్ల మీద అంతసేపు ఏం చేస్తున్నారు?"

"ఇంట్లో ఎవరో ఉన్నారనుకున్నాను."

"ఉన్నాను కదా" అంది ఆ గొంతుతో.

ఆ వారమే బావమరిది భోజనానికి వచ్చాడు. అక్క మాట విని, "నాకొక అన్నయ్య దొరికాడు" అన్నాడు. ఆవిడ గరిటె చూపించింది. అతను గరిటెకి అందనంత దూరం జరిగి మేస్త్రి వంక తిరిగాడు.

"ఆ పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లుంటే పాత గొంతే ఉండేదేమో బావా."

"ఉండేదేమో."

"మరి?"

"దారిలో ఈల మొదలయ్యుంటే మధ్యలోనే పోయేదేమో. నాకు తెలియదు."

"నీకు తెలియదా?"

"తెలియదు" అన్నాడు మేస్త్రి. ఆయన అంత తేలిగ్గా ఆ మాట అనడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు.

ప్రార్థన ఆయనే చేశాడు. మర్నాడు స్కూలు గేటు పని ఉందని, సాయం చెయ్యమని చెప్పి, ఆమేన్ అన్నాడు. ఆవిడ ఒక కన్ను తెరిచి ఎదురుచూసింది. ఇంకేమీ రాలేదు.

"అంతేనా?"

"అంతే."

"ఒకవేళ ఏమైంది?"

"దీనికి మారుతాళం చెయ్యలేదు" అన్నాడు. "అన్నం చల్లారుతోంది."

ఆదివారం అయ్యగారు ఆవిడ వంక చూశారు. ఆవిడ లేచి నిలబడింది. పాత శ్రుతి కోసం పైకి చూసింది. గొంతు సగం దూరం వెళ్లి చిట్లి ఆగిపోయింది. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేస్త్రి ముందు బల్ల అంచు పట్టుకున్నాడు. ఆవిడ గొంతు సవరించుకుని, పైకి చూడటం మానేసి, కాళ్ల దగ్గరున్నది తీసుకున్నట్టు చాలా కిందనుంచి పాట ఎత్తింది.

ఆడవాళ్లు దిగి రావడానికి కొంచెంసేపు పట్టింది. మగవాళ్లకి ఆయాసం లేకుండా అందింది. మేస్త్రి ఎప్పటిలా పెదాలు కదిపాడు. దగ్గర్లో ఎక్కడో గరిటె గీసినట్టు చప్పుడు వినిపించింది. ఎవరిదా అని అటూ ఇటూ చూశాడు. పక్కనున్న పెద్దాయన ఆయన వంకే చూస్తున్నాడు.

మరుసటి ఆదివారం నుంచి ఆ పెద్దాయన వేరే బల్ల మీద కూర్చున్నాడు. మేస్త్రి అది గమనించాడు. పాడటం మాత్రం ఆపలేదు.